బెంచ్‌మార్క్ స్కోరులో ఎవరి వాటా ఎంత? ప్రాసెసర్లను పోల్చడంలోని చిక్కుముళ్లు

ఏఎండీ కంపెనీ 2020 నవంబరులో రైజెన్ 7 5800ఎక్స్ అనే ప్రాసెసర్‌ను విడుదల చేసింది. 2022 ఏప్రిల్‌లో దానికే ఇంకో రూపం, 5800ఎక్స్3డి, తెచ్చింది. రెండింట్లోనూ ఎనిమిదేసి కోర్లు, అంటే విడివిడిగా పని చేయగల విభాగాలు. కోర్ల డిజైన్ కూడా ఒకటే. క్లాక్, అంటే సెకనుకు కొట్టే టిక్కుల సంఖ్య, మాత్రం రెండోదానికి తగ్గింది. మొదటిది గరిష్ఠంగా 4.7 గిగాహెర్ట్జ్ అందుకుంటే ఇది 4.5 దగ్గరే ఆగుతుంది. త్రీడీ దృశ్యాన్ని గీయించి వేగం కొలిచే సినీబెంచ్ అనే పరీక్షలో (ఇలాంటి పరీక్షలనే బెంచ్‌మార్క్‌లంటారు), అనుకున్నట్టే, కొత్తది వెనకబడింది. గేముల్లో కథ తిరగబడింది. క్లాక్ తక్కువున్న ఆ ప్రాసెసర్ చాలా గేముల్లో పాతదాన్ని స్పష్టంగా దాటేసింది.

తేడా అంతా క్యాష్‌లో, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీలో ఉంది. 5800ఎక్స్‌లో మూడో స్థాయి క్యాష్ 32 మెగాబైట్లయితే, 3డి రూపంలో చిప్ మీద ఇంకో చిప్ పేర్చి దాన్ని 96 మెగాబైట్లు చేశారు. క్యాష్‌లో ఉన్న డేటా చదువుకునేవాడి బల్ల మీది పుస్తకం లాంటిది, మెయిన్ మెమరీలో ఉన్నది పక్క గదిలోని బీరువాలో పుస్తకం లాంటిది. సినీబెంచ్‌కు కావాల్సినదంతా దాదాపుగా చిన్న బల్ల మీదే సర్దుకుంటుంది, కాబట్టి బల్ల పెద్దదైనా దానికి ఒరిగేదేమీ లేదు. గేము సంగతి వేరు. ప్రతి ఫ్రేముకూ (తెర మీద మారే ఒక్కో బొమ్మకూ) వేలాది వస్తువుల స్థితిగతులు చూడాలి, అవి మెమరీలో చెదిరి ఉంటాయి, ఏది ఎప్పుడు కావాలో ముందుగా ఊహించడం కష్టం.

మరి ఈ రెండింట్లో ఏది వేగమైనది? ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు, రెండు పరీక్షలూ నిజాయితీగానే జరిగాయి. స్కోరు పక్కన ప్రాసెసర్ పేరు ఒక్కటే రాస్తాం గానీ, ఆ అంకెలో వాటాదారులు చాలామంది ఉంటారు. నడిపిన ప్రోగ్రాం, మనిషి రాసిన కోడ్‌ను ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చిన కంపైలర్, మెమరీ, మదర్‌బోర్డు సెట్టింగులు, కూలర్, ఆపరేటింగ్ సిస్టమ్, చివరికి పరీక్ష ఎంతసేపు నడిచిందన్నది కూడా. ఆ వాటాలు తెలియకుండా స్కోరు చూసి తీర్పు చెప్పడం కుదరదు.

గిగాహెర్ట్జ్ మోజు

ఒక ప్రోగ్రాం పూర్తవడానికి పట్టే సమయం మూడు అంశాలను గుణిస్తే వస్తుంది: ఆ ప్రోగ్రాంలో ప్రాసెసర్ అమలు చేయాల్సిన ఆదేశాలెన్ని, ఒక్కో ఆదేశానికి సగటున ఎన్ని క్లాక్ టిక్కులు పడుతున్నాయి, ఒక్కో టిక్కు ఎంతసేపు. గిగాహెర్ట్జ్ చెప్పేది మూడోదాన్ని మాత్రమే. మొదటిది కంపైలర్ మీదా, ప్రాసెసర్‌కు వచ్చిన భాష మీదా ఆధారపడుతుంది. రెండోది డిజైన్ చేసే ఇంజనీర్ల పనితనం. దాన్నే తిరగేసి ఒక్కో టిక్కుకు ఎన్ని ఆదేశాలు అని చెబితే ఐపీసీ అంటారు.

ఈ మూడింట్లో ఒక్కదాన్నే పెంచుకుంటూ పోతే ఏమవుతుందో ఇంటెల్ పెంటియం 4 చూపించింది. 2000 నవంబరులో అది 1.4, 1.5 గిగాహెర్ట్జ్ వేగాలతో వచ్చింది. క్లాక్ పెంచడానికి వీలుగా ఒక్కో ఆదేశం పనిని 20 చిన్న దశలుగా విడగొట్టారు. 2004లో వచ్చిన ప్రెస్కాట్ రూపంలో ఆ దశలు 31 అయ్యాయి. దశ చిన్నదైతే టిక్కు చిన్నదవుతుంది, గిగాహెర్ట్జ్ పెరుగుతుంది. కానీ ప్రోగ్రాంలో 'ఇలా అయితే అటు, లేకపోతే ఇటు' అనే మలుపు వచ్చినప్పుడల్లా ప్రాసెసర్ ఏదో ఒక దారిని ఊహించి ముందే పని మొదలుపెడుతుంది. ఆ ఊహ తప్పితే దశల్లో నిండిన పనంతా పారేసి మళ్లీ మొదటి నుంచి నింపుకోవాలి. దశలెన్ని ఎక్కువైతే నష్టం అంత ఎక్కువ.

పోటీలో ఉన్న ఏఎండీ అథ్లాన్ తక్కువ క్లాక్‌తోనే దీటుగా పనిచేసేది. కానీ దుకాణంలో పెట్టె మీద ఆ సంగతి రాయడం ఎలా? 2001లో ఏఎండీ ఒక ఉపాయం వేసింది. 1.53 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అథ్లాన్ ఎక్స్‌పీ 1800+ అని పేరు పెట్టింది. ఆ అంకె క్లాక్ కాదని కంపెనీ చెప్పినా, కొనేవాళ్ల మనసులో అది ఏమని నాటుకోవాలని కోరుకుందో ఊహించడం కష్టమేమీ కాదు. ఇంటెల్ పరుగు కూడా ఎక్కువ కాలం సాగలేదు. వేడి అదుపు తప్పింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను తెస్తామన్న మాటను 2004 అక్టోబరులో వెనక్కి తీసుకుంది. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో 2.4 గిగాహెర్ట్జ్‌తోనే 3.8 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను సులువుగా దాటేసింది. ఇంత జరిగాక కూడా ప్రకటనల్లో గిగాహెర్ట్జ్ అంకెనే పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఒకే డిజైన్ ఉన్న రెండు ప్రాసెసర్ల మధ్య అయితే అది కొంతవరకు పనికొస్తుంది, డిజైన్ మారితే పనికిరాదు.

పరీక్ష కోసమే చదివే విద్యార్థులు

క్లాక్ చూస్తే చాలదని ఇంజనీర్లకు చాలాముందే తెలుసు. 1972లో బ్రిటన్‌లోని నేషనల్ ఫిజికల్ లేబరేటరీ నుంచి వెట్‌స్టోన్ అనే పరీక్ష వచ్చింది. యంత్రం దశాంశ లెక్కలు ఎంత వేగంగా చేస్తుందో కొలవడానికి కూర్చిన కృత్రిమ ప్రోగ్రాం అది. పూర్ణాంకాలు, పదాల వరుసల మీద పనిని కొలవడానికి 1984లో రైన్‌హోల్డ్ వైకర్ డ్రైస్టోన్ రాశాడు. అప్పట్లో వాక్స్-11/780 అనే యంత్రాన్ని సెకనుకు పది లక్షల ఆదేశాల యంత్రంగా లెక్కేసేవారు. అది సెకనుకు 1757 డ్రైస్టోన్లు చేసేది. అందుకే ఇవాళ్టికీ చిన్న మైక్రోకంట్రోలర్ చిప్‌ల వివరాల్లో డ్రైస్టోన్ స్కోరును 1757తో భాగించి చెబుతారు. ఎప్పుడో 1977 నాటి యంత్రం ఇంకా కొలబద్దగా నిలబడి ఉంది.

ఈ చిన్న ప్రోగ్రాములతో చిక్కు తొందరగానే బయటపడింది. డ్రైస్టోన్ చేసే పనికి బయట ఉపయోగం లేదు, దాని ఫలితాన్ని ఎవరూ వాడుకోరు. తెలివైన కంపైలర్ అది గమనించి కొంత పనిని చేయకుండానే దాటవేయగలదు. అందులో పదాల పొడవు ముందే తెలుసు కాబట్టి, వాటిని నకలు తీసే పనిని రెండు మూడు ఆదేశాల్లో ముగించగలదు. మొత్తం ప్రోగ్రాం చిన్న క్యాష్‌లోనే పడుతుంది, మెమరీ జోలికే పోదు. చివరికి డ్రైస్టోన్ స్కోరు ప్రాసెసర్ గురించి ఎంత చెబుతుందో, కంపైలర్ రాసినవాళ్ల పట్టుదల గురించీ అంత చెబుతుంది.

అందుకని కంపెనీలు కలిసి 1988లో స్పెక్ అనే సంస్థను పెట్టుకున్నాయి. కృత్రిమ ప్రోగ్రాములు వద్దు, జనం నిజంగా వాడే ప్రోగ్రాములనే కొలబద్దలు చేద్దామన్నది దాని పద్ధతి. దాని స్పెక్ సీపీయూ 2017 కూర్పులో 43 పరీక్షలున్నాయి. సీ భాష కంపైలర్, పెర్ల్ భాషను నడిపేది, వీడియోను కుదించే ప్రోగ్రాం, చదరంగం ఆడేది, గో అనే పలక ఆట ఆడేది, వాతావరణ నమూనాలు, ద్రవాల కదలిక లెక్కలు, ఇలా. ప్రతి పరీక్షనూ సన్ కంపెనీ పాత సర్వర్ ఒకదాని మీద నడిపిన సమయంతో పోల్చి ఎన్ని రెట్లు వేగమో చెబుతారు. సోర్స్ కోడ్ అందరికీ ఒకటే. కంపైలర్ సెట్టింగులు ఏం వాడారో పూర్తిగా బయటపెట్టాలి. అన్ని పరీక్షలకూ ఒకే రకం సెట్టింగులు వాడితే 'బేస్' స్కోరు, ఒక్కోదానికి ఒక్కోలా నూరి పదునుపెడితే 'పీక్' స్కోరు.

ఇంత కట్టుదిట్టం చేసినా ఆట ఆగలేదు. 1989 నాటి మొదటి కూర్పులో మాత్రికలను గుణించే మ్యాట్రిక్స్300 అనే పరీక్ష ఉండేది. మాత్రికలను క్యాష్‌లో పట్టే ముక్కలుగా విడగొట్టి గుణించే ఉపాయం కంపైలర్లు నేర్చుకోగానే ఆ ఒక్క పరీక్ష స్కోరు ఎన్నో రెట్లు ఎగిసి, మొత్తం స్కోరును తనతో పాటు పైకి లాగింది. 1992 కూర్పులో దాన్ని తీసేశారు. 2006 కూర్పులో క్వాంటమ్ కంప్యూటర్‌ను అనుకరించే లిబ్‌క్వాంటమ్ అనే పరీక్షకూ ఇదే గతి పట్టింది. ఇటీవలి ఉదాహరణ 2024 ఫిబ్రవరిది. ఎక్స్‌ఎంఎల్ (డేటాను గుర్తులతో రాసే పద్ధతి) ఫైళ్లను మార్చే పరీక్ష ఒకటుంది. ఆ పరీక్ష కోడ్, డేటా ముందే తెలుసుకుని దానికి మాత్రమే లాభించేలా ఇంటెల్ కంపైలర్‌లో ఒక ఉపాయం చేర్చారని స్పెక్ తేల్చింది. దాంతో ప్రచురితమైన 2600కు పైగా ఫలితాల మీద చెల్లవన్న గుర్తు వేసింది. ఆ ప్రాసెసర్లలో లోపమేమీ లేదు. ఆ స్కోరు మాత్రం వేరే ఎక్స్‌ఎంఎల్ ప్రోగ్రాం నడిపేవాళ్లకు దక్కదు.

ఫోన్ల లోకంలో ఇది ఇంకా మొరటుగా సాగింది. 2013లో శాంసంగ్ గెలాక్సీ ఎస్4 ఫోన్లు కొన్ని బెంచ్‌మార్క్ యాప్‌ల పేర్లు గుర్తుపట్టి, వాటికి మాత్రం మామూలు యాప్‌లకు ఇవ్వని క్లాక్ ఇస్తున్నాయని బయటపడింది. 2022లో దాని తలకిందుల రూపం వచ్చింది. ఎస్22 ఫోన్లలో వేలాది యాప్‌ల జాబితా పెట్టుకుని వాటి వేగాన్ని వేడి కారణంగా తగ్గించేవారు, బెంచ్‌మార్క్ యాప్‌లు మాత్రం ఆ జాబితాలో ఉండేవి కావు. గీక్‌బెంచ్ అనే బెంచ్‌మార్క్ యాప్ వెంటనే నాలుగు తరాల ఎస్ శ్రేణి ఫోన్లను తన పట్టిక నుంచి తీసేసింది. యాప్ పేరు మార్చి అదే పరీక్ష మళ్లీ నడపడం ఈ మోసాన్ని పట్టుకునే అతి సులువైన మార్గం. స్కోరు మారితే దొంగ దొరికినట్టే.

ఒకే లెక్క, మూడు జవాబులు

ఇరవై పరీక్షలు నడిపాక అందరికీ కావాల్సింది ఒకే అంకె. ఆ ఒక్క అంకె దగ్గరికి చేర్చే దారిలో చాలా వ్యాసాలు జారిపడతాయి. చిన్న ఉదాహరణ చూద్దాం. అ, ఆ అనే రెండు ప్రాసెసర్లు, రెండు ప్రోగ్రాములు. మొదటి ప్రోగ్రాంకు 'అ' 10 సెకన్లు, 'ఆ' 20 సెకన్లు తీసుకున్నాయి. రెండో ప్రోగ్రాంకు 'అ' 40 సెకన్లు, 'ఆ' 20 సెకన్లు.

'అ'ను 1 అనుకుంటే 'ఆ' వేగం మొదటిదాంట్లో 0.5, రెండోదాంట్లో 2. సగటు 1.25. అంటే 'ఆ' 25 శాతం వేగమైనది. బాగుంది. ఇప్పుడు 'ఆ'ను 1 అనుకుందాం. 'అ' వేగం 2, 0.5. సగటు మళ్లీ 1.25. ఈసారి 'అ' 25 శాతం వేగమైనది! అంకెలేవీ మారలేదు, దేంతో పోల్చామన్నది మారింది అంతే. నిష్పత్తులకు మామూలు సగటు తీస్తే వచ్చే తిప్పలు ఇవి. స్పెక్ అందుకే గుణమధ్యమం వాడుతుంది. రెండు నిష్పత్తులను గుణించి వర్గమూలం తీస్తే, ఏ వైపు నుంచి చూసినా 1 వస్తుంది, అంటే ఇద్దరూ సమానం.

కానీ గుణమధ్యమం కూడా ఒక సౌకర్యం మాత్రమే. రెండు ప్రోగ్రాములనూ చెరొకసారి నడిపే మనిషికి 'అ' మీద మొత్తం 50 సెకన్లు, 'ఆ' మీద 40 సెకన్లు పడతాయి. ఆయనకు 'ఆ' కచ్చితంగా మేలు. మొదటి ప్రోగ్రామునే రోజంతా నడిపేవాడికి 'అ' రెట్టింపు వేగమైనది. ఎవరి పని మిశ్రమం ఏమిటో తెలియకుండా మొత్తం స్కోరుకు అర్థం కట్టడం సాధ్యం కాదు. అందుకే నా దృష్టిలో ఏ సమీక్షలోనైనా చివరి సగటు పట్టిక కంటే దానికి ముందున్న విడివిడి పట్టికలే విలువైనవి. చదివేవాళ్లు ఎక్కువమంది నేరుగా సగటు దగ్గరికే వెళ్తారన్నది వేరే సంగతి.

కోర్లు పెరిగితే పని తగ్గుతుందా

1967లో కంప్యూటర్ డిజైనర్ జీన్ ఆమ్‌డాల్ చెప్పిన లెక్క ఇప్పటికీ మారలేదు. ఒక పనిలో 90 శాతాన్ని కోర్ల మధ్య పంచగలం, మిగతా 10 శాతం ఒక్క కోరే వరుసగా చేయాలి అనుకోండి. 8 కోర్లు పెడితే వేగం 4.7 రెట్లవుతుంది. 16 పెడితే 6.4 రెట్లు. ఎన్ని వేల కోర్లు పెట్టినా 10 రెట్లు దాటదు. త్రీడీ దృశ్యం గీయడం పూర్తిగా పంచుకోదగిన పని. ఒక్కో ముక్కను ఒక్కో కోర్ గీసుకుంటూ పోవచ్చు, ఒకదానితో ఒకటి మాట్లాడుకోనక్కర్లేదు. అందుకే సినీబెంచ్‌లో కోర్లు ఎక్కువున్న ప్రాసెసర్ మెరిసిపోతుంది. వెబ్ పేజీ తెరవడం, స్ప్రెడ్‌షీట్ తిరిగి లెక్కించడం అలాంటివి కావు.

గీక్‌బెంచ్ 2023లో ఆరో కూర్పు తెచ్చినప్పుడు బహుళ కోర్ల పరీక్ష తీరునే మార్చింది. అంతకుముందు ఒక్కో కోర్‌కు విడిగా ఒక్కో పని ఇచ్చి అన్నీ కూడేది. కొత్తదాంట్లో అన్ని కోర్లూ కలిసి ఒకే పనిని పంచుకోవాలి. ఫలితంగా 32, 64 కోర్ల ప్రాసెసర్లు ఇందులో చిన్నబోతాయి. కొందరు దీన్ని పరీక్షలో లోపమన్నారు. నిజానికి రెండు పద్ధతులూ రెండు వేర్వేరు ప్రశ్నలడుగుతాయి. వందల మంది వినియోగదారుల విడివిడి అభ్యర్థనలు తీర్చే సర్వర్‌కు పాత పద్ధతే దగ్గర, స్పెక్‌లో 'రేట్' స్కోరు అడిగేదీ ఆ ప్రశ్నే. ఒక్క మనిషి తన ఒక్క పని తొందరగా అవ్వాలనుకునే ల్యాప్‌టాప్‌కు కొత్త పద్ధతి దగ్గర.

2021లో ఇంటెల్ 12వ తరంతో కోర్ల లెక్క మరింత గజిబిజి అయింది. కోర్ ఐ9-12900కెలో 16 కోర్లున్నాయంటే వాటిలో 8 పెద్దవి, 8 చిన్నవి. ఏ పని ఏ కోర్‌కు వెళ్లాలో ఆపరేటింగ్ సిస్టమ్ నిర్ణయిస్తుంది. అది తప్పు కోర్‌కు పంపితే స్కోరు పడిపోతుంది, చెడ్డపేరు ప్రాసెసర్‌కు వస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ వాటా ఎంతుంటుందో 2024 ఆగస్టులో మళ్లీ కనిపించింది. రైజెన్ 9000 శ్రేణి సమీక్షలు వచ్చేసిన కొద్ది వారాలకు విండోస్ 11కు వచ్చిన ఒక అప్‌డేట్, మలుపుల ఊహకు సంబంధించిన మార్పుతో, రైజెన్ ప్రాసెసర్ల గేమింగ్ వేగాన్ని పెంచింది. కొత్తవే కాదు, పాత తరాలవి కూడా. అప్పటికే ప్రచురించిన పట్టికలు ఒక్క రాత్రిలో పాతబడ్డాయి. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ భద్రతా లోపాలు బయటపడ్డప్పుడు దీనికి ఎదురు జరిగింది. వాటికి వేసిన సాఫ్ట్‌వేర్ అతుకులు కొన్ని రకాల పనుల్లో వేగాన్ని తగ్గించాయి. 2017లో కొలిచిన స్కోరును నేటి స్కోరు పక్కన పెట్టి పోల్చేవాళ్లు ఈ అతుకుల సంగతి మర్చిపోతుంటారు.

మొదటి నిమిషం, పదో నిమిషం

వేడి గురించి కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇవాళ ప్రాసెసర్ల స్కోర్లను అతిగా అటూఇటూ చేసేది ఇదే. క్లాక్ పెంచాలంటే వోల్టేజి పెంచాలి. ఖర్చయ్యే విద్యుత్తు క్లాక్‌తో పాటు పెరగడమే కాక, వోల్టేజి వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. కాబట్టి చివరి కొద్దిపాటి వేగం కోసం పెట్టే విద్యుత్తు ఆ వేగంతో పొంతన లేనంత ఎక్కువ. కోర్ ఐ9-13900కె మూల విద్యుత్ పరిమితి 125 వాట్లు, గరిష్ఠ పరిమితి 253 వాట్లు. రైజెన్ 9 7950ఎక్స్‌ను 170 వాట్ల ప్రాసెసర్‌గా అమ్ముతారు, కానీ సాకెట్ (మదర్‌బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు) దానికి 230 వాట్ల దాకా అందిస్తుంది. ఒక కంపెనీ చెప్పే టీడీపీ (ప్రాసెసర్ వేడిని వాట్లలో చెప్పే) అంకెను ఇంకో కంపెనీ టీడీపీ అంకెతో పోల్చడం దాదాపు వ్యర్థం. ఒక్కొక్కరి నిర్వచనం ఒక్కోలా ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. పని మొదలైన కొన్ని సెకన్లపాటు ప్రాసెసర్ తన దీర్ఘకాలిక పరిమితికి రెట్టింపు విద్యుత్తు లాగుతుంది. ఆ తర్వాత వేడెక్కి పరిమితిలోకి దిగిపోతుంది. పరీక్ష 30 సెకన్లలో ముగిస్తే మీరు చూసేది ఆ తొలి దూకుడు మాత్రమే. సినీబెంచ్ ఆర్23 కూర్పు నుంచి బహుళ కోర్ల పరీక్షను కనీసం పది నిమిషాలు తిప్పేలా చేసింది ఇందుకే. ఒకే ప్రాసెసర్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య, పల్చటిదానికీ మందపాటిదానికీ, పది నిమిషాల తర్వాత వచ్చే తేడా కొన్నిసార్లు రెండు తరాల ప్రాసెసర్ల మధ్య తేడా కంటే ఎక్కువ. అలాంటప్పుడు 'ఫలానా ప్రాసెసర్ స్కోరు ఇంత' అనే వాక్యమే అసంపూర్ణం. ఫోటో తెరిచి చిన్న మార్పు చేసి మూసేసేవాడికి మాత్రం ఆ తొలి దూకుడే ముఖ్యం, పదో నిమిషంతో అతనికి పని లేదు. డెస్క్‌టాప్ మదర్‌బోర్డులు కొన్ని ప్రాసెసర్ కంపెనీ చెప్పిన పరిమితులను పక్కనపెట్టి, పెట్టె తెరిచిన మొదటి రోజు నుంచే విద్యుత్ పరిమితులు ఎత్తేసిన సెట్టింగుతో వస్తాయి. అలా వచ్చిన అదనపు స్కోరు ప్రాసెసర్ ఖాతాలో పడుతుంది, కరెంటు బిల్లు మాత్రం సమీక్షలో కనిపించదు.

వేగాన్ని విద్యుత్తుతో కలిపి చూడాలంటే వాట్లు చూస్తే చాలదు. 100 వాట్లతో 60 సెకన్లలో పని ముగించే ప్రాసెసర్ 6000 జౌళ్లు ఖర్చు చేస్తుంది. 45 వాట్లతో 110 సెకన్లు తీసుకునేది 4950 జౌళ్లు. ఇక్కడ నెమ్మదైనదే పొదుపు. అదే రెండోది 150 సెకన్లు తీసుకుంటే 6750 జౌళ్లు, పొదుపు పోయింది. బ్యాటరీ మీద నడిచే యంత్రాలకు ఈ లెక్క ముఖ్యం, కానీ సమీక్షల్లో తక్కువ కనిపిస్తుంది.

గేముల్లో సగటు దాచేసేది

గేములతో ప్రాసెసర్‌ను పరీక్షించేటప్పుడు సమీక్షకులు తక్కువ రిజల్యూషన్ (తెర మీద తక్కువ చుక్కలు) వాడితే, వ్యాఖ్యల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: ఇంత ఖరీదైన కంప్యూటర్‌లో ఎవరు 1080పీలో ఆడతారు అని. ప్రశ్న సహజమే. కానీ చుక్కలు చాలా ఎక్కువుండే 4కెలో ఆడితే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడి, ప్రాసెసర్ దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అప్పుడు అన్ని ప్రాసెసర్లూ ఒకే ఫ్రేముల సంఖ్య చూపిస్తాయి. పట్టిక చూసినవాడు 'చవకదీ ఖరీదుదీ ఒకటే' అనుకుంటాడు. రెండేళ్ల తర్వాత కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టినప్పుడు తేడా బయటపడుతుంది. కొలవాల్సింది ప్రాసెసర్‌ను కాబట్టి, మిగతా అడ్డంకులు తీసేసి కొలవడమే సరైన పద్ధతి. ఆ ఫలితం మీ ఇంటి అనుభవాన్ని చెప్పదు, ప్రాసెసర్ సామర్థ్యాన్ని చెబుతుంది. రెండూ వేర్వేరు సమాచారాలు.

సెకనుకు సగటు ఫ్రేములు కూడా మోసం చేస్తాయి. వంద ఫ్రేముల్లో 99 ఫ్రేములు 8 మిల్లీసెకన్ల చొప్పున, ఒక్కటి మాత్రం 108 మిల్లీసెకన్లలో వచ్చిందనుకోండి. మొత్తం 900 మిల్లీసెకన్లు, సగటు సెకనుకు 111 ఫ్రేములు. కాగితం మీద అద్భుతం. ఆడేవాడికి మాత్రం దాదాపు ప్రతి సెకనుకూ ఒక్క కుదుపు తగులుతుంది. అందుకే మంచి సమీక్షలు అత్యంత నెమ్మదైన ఒక శాతం ఫ్రేములను విడిగా చూపిస్తాయి. మొదట్లో చెప్పిన పెద్ద క్యాష్ మేలు చేసేది చాలావరకు ఇక్కడే.

పోలిక పెట్టేది ఎవరు

2018 అక్టోబరులో ఇంటెల్ తన కోర్ ఐ9-9900కె విడుదలకు ముందు ప్రిన్సిపుల్డ్ టెక్నాలజీస్ అనే సంస్థతో పోలిక పరీక్షలు చేయించింది. పోటీ ప్రాసెసర్ రైజెన్ 7 2700ఎక్స్. ఆ సంస్థ రైజెన్ సాఫ్ట్‌వేర్‌లో 'గేమ్ మోడ్' ఆన్ చేసింది. పేరు చూస్తే గేముల కోసమే అనిపిస్తుంది, కానీ 2700ఎక్స్‌లో అది ఎనిమిది కోర్లలో నాలుగింటిని ఆపేస్తుంది. పైగా ఇంటెల్ ప్రాసెసర్‌కు విడిగా కొన్న పెద్ద కూలర్, ఏఎండీదానికి పెట్టెలో వచ్చిన కూలర్. విమర్శలు వచ్చాక మళ్లీ పరీక్షించి సవరించిన ఫలితాలు ఇచ్చారు, తేడా తగ్గింది. దీన్ని కుట్ర అనుకోనక్కర్లేదు, ఆ మోడ్ పేరే తప్పుదారి పట్టించేలా ఉంది. అయితే పొరపాటు డబ్బు ఇచ్చినవాళ్ల వైపే ఒరిగిందన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. కంపెనీ స్లైడుల్లో గ్రాఫు నిలువు గీత సున్నా నుంచి మొదలవుతుందా, 'గరిష్ఠంగా ఇంత శాతం' అన్న మాట ఎన్ని గేముల్లో ఒక్కదాన్ని చూసి అన్నది, కింద చిన్న అక్షరాల్లో మెమరీ వేగం ఏమిటి అన్నవి ముందుగా చూడాల్సినవి.

ఎవరికీ దురుద్దేశం లేకపోయినా తప్పు జరగొచ్చని 2009లో కొందరు పరిశోధకులు చూపించారు. లైనక్స్‌లో ఒకే ప్రోగ్రామును ఒకే యంత్రం మీద నడుపుతూ, దాంతో ఏ సంబంధమూ లేని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాములకు సిస్టమ్ అందించే సెట్టింగులు) పరిమాణం మార్చారు. వేగం మారింది. ప్రోగ్రాం ముక్కలైన ఆబ్జెక్ట్ ఫైళ్లను కలిపి అతికే (లింక్ చేసే) వరుస మార్చారు. మళ్లీ మారింది. ఇవి మారితే మెమరీలో డేటా, కోడ్ చోటు కొద్దిగా జరుగుతాయి, క్యాష్ వాటిని పట్టుకునే తీరు మారుతుంది. కంపైలర్‌లో ఒక మెరుగుదల లాభమా నష్టమా అన్న తీర్పే తారుమారు అయ్యేంత తేడా ఆ మార్పులతో వచ్చింది. రెండు శాతం తేడాకు గెలిచాడు, ఓడాడు అని రాసే సమీక్షలు ఈ ఫలితం చూసి కాస్త తగ్గాలి.

సొంతంగా పోల్చుకునే వీలుంటే అంతకంటే మంచిది లేదు. మీరు రోజూ చేసే పనినే పరీక్షగా పెట్టండి. మీ ప్రాజెక్టు కంపైల్ అయ్యే సమయం, మీ వీడియో ఎగుమతి, మీ డేటాబేస్ ప్రశ్న, ఏదైతే అది. రెండు యంత్రాల్లోనూ మెమరీ, కూలర్, ఆపరేటింగ్ సిస్టమ్ కూర్పు వీలైనంత ఒకేలా ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి. మొదటి రౌండు ఫలితం పక్కనపెట్టండి, ఎందుకంటే అప్పటికి ఫైళ్లు డిస్క్ నుంచి మెమరీలోకి వచ్చి ఉండవు. ఆ తర్వాత కనీసం ఐదు రౌండ్లు నడిపి, సగటుకు బదులు మధ్యస్థ విలువ (వరుసలో పెడితే నడిమధ్య వచ్చేది) తీసుకోండి. అత్యధికానికీ అత్యల్పానికీ తేడా ఎంతో కూడా రాసుకోండి. రెండు ప్రాసెసర్ల మధ్య తేడా ఒకే ప్రాసెసర్ రౌండ్ల మధ్య తేడా కంటే చిన్నదైతే, వేగాన్ని మర్చిపోయి ధర, ఫ్యాన్ చప్పుడు చూసి నిర్ణయించుకోవచ్చు.